మీరు రాసిన పిల్ల

పాలు పొంగి, గట్టు దాటి కాళ్ళ మీదికి కారితే గానీ ఆమెకు తెలియలేదు. చేతిలో గరిటె అలాగే ఉంది. కళ్ళు పాలగిన్నె మీదే ఉన్నాయి. కాస్త ముందు చూసినప్పుడు పాలు ఇంకా మీగడైనా కట్టలేదు. నడుమ ఏం జరిగిందో ఆమెకు తెలియదు.

"ఏమే, నిలబడి నిద్రపోతున్నావా?" అంటూ అక్క పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసింది. తుడవడానికి గుడ్డ అందుకున్నదల్లా చెల్లెలి మొహం చూసి ఆగిపోయింది. "మళ్ళీ వచ్చిందా?"

"లేదక్కా. ఏదో ఆలోచిస్తున్నా."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

చిన్నప్పుడు ఆమెకు మాట సగంలో ఆగిపోయేది. చూపు ఎక్కడో నిలిచిపోయి, రెప్పలు మాత్రం టపటప కొట్టుకునేవి. కాసేపటికి ఏమీ జరగనట్టే మళ్ళీ ఆడుకునేది. బడిలో మొద్దు అన్నారు. తాతయ్య మాత్రం రాజుగారు సభకు వేంచేస్తున్నట్టు "బహుపరాక్!" అని కేకేసి అందరినీ నవ్వించేవాడు. అలా ఇంట్లో ఆమె పేరు 'పరాకు' అయి కూర్చుంది. చివరికి నరాల డాక్టరు చూసి, ఇది పరాకు కాదు, మూర్ఛలోనే ఒక రకం, కింద పడరు, నురగ రాదు, మెదడు కాసేపు తెరవేసుకుంటుంది అంతే అని చెప్పాడు. ఆ రోజుతో తాతయ్య కేక మానేశాడు. పేరు మాత్రం పోలేదు.

మందులు వాడింది. చాలామంది పిల్లల్లో ఎదిగేకొద్దీ ఇది దానంతటదే పోతుందని డాక్టరు అన్నట్టే పోయింది. కాలేజీలో చేరే నాటికి మందులు కూడా ఆపించాడు. కానీ ఒక ప్రశ్న మాత్రం ఆమెను పట్టుకుని వదల్లేదు. కొందరి మెదడు ఎదుగుతూ ఎదుగుతూ ఈ జబ్బును విడిచిన బట్టలా వదిలేస్తుంది. కొందరిది వదలదు. ఎదుగుదలలో ఏ మలుపు దగ్గర దారులు వేరవుతాయి? ఆ ప్రశ్న వెంటే ఆమె చదువుకుంది, ఒక ల్యాబ్‌లో సహాయకురాలిగా చేరింది, అద్దంలా ఒళ్ళంతా కనిపించే చేపపిల్లల్లో మెదడు ఎలా అల్లుకుంటుందో మైక్రోస్కోపు కింద చూడటం నేర్చుకుంది. ఇప్పుడు పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూకి పిలుపు కూడా వచ్చింది. సరిగ్గా ఇప్పుడే పాలు పొంగాయి.

దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పింది ల్యాబ్‌లో సీనియర్. థీసిస్ పూర్తయ్యేదాకా గడ్డం గీయనని ఒట్టు పెట్టుకున్నాడు గనక అందరూ అతన్ని 'గడ్డం' అనేవాళ్ళు. అప్పటికే అది చొక్కా గుండీల దాకా దిగింది.

"సంస్థ పేరు చూసి పెట్టకు, గైడ్‌ని చూసి పెట్టు," అన్నాడు గడ్డం. "ఆ గైడ్ రాసిన పేపర్లు చదివి, అర్థంకాని చోట ఒక ప్రశ్న అడుగుతూ ముందే మెయిల్ రాయి. 'మీ పరిశోధన నన్నెంతో ఆకట్టుకుంది' అని రాశావో, ఊరంతా పంచిన కరపత్రమని వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. సిఫారసు లేఖలు నీ పని దగ్గరుండి చూసినవాళ్ళనే అడుగు. ఇక దరఖాస్తుతో పెట్టే స్టేట్‌మెంట్‌లో, నీ ప్రశ్న ఏంటో, అది నీకే ఎందుకు పట్టిందో చెప్పు. 'చిన్నప్పట్నుంచీ మెదడంటే ఇష్టం' అన్నావంటే అంతే సంగతులు."

ఎందుకు పట్టిందో రాయడానికి కూర్చున్నప్పుడు ఆమె 'నేను' అని మొదలుపెట్టి చెరిపేసింది. 'నాకు తెలిసిన ఒక పిల్ల' అని రాసింది. ఆ పిల్లకు తగ్గిపోయిందని ముగించింది. గడ్డం చదివి, "ఈ పిల్ల ముక్క బాగుంది, దీనివల్లే పిలుస్తారు చూడు," అన్నాడు. అప్పటికి అదంత పెద్ద తప్పుగా తోచలేదు. తగ్గిన మాట నిజమేగా!

పాలు పొంగిన రోజు నుంచి ఆమెకు కుదురు పోయింది. మెట్లు దిగుతుంటే గోడ పట్టుకునేది. రోడ్డు దాటాలంటే ఎవరో ఒకరి పక్కన చేరేది. బస్సులో తన స్టాపు వచ్చేదాకా పేర్లన్నీ లోలోపల చదువుకునేది, మధ్యలో ఒకటి తప్పిపోతే గుండె జారిపోయేది. భయమంటే ఏదో వస్తుందని కాదు. వచ్చి పోయినా తనకు తెలియదని.

ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుని, ఇంటర్వ్యూలో చెప్పాల్సింది గట్టిగా చెప్పుకుంటూ ఫోన్లో రికార్డు చేసింది. ఒక్క చోట కూడా తడబడలేదనిపించింది. చెవికి పెట్టుకుని విన్నది. తన గొంతు గడగడా సాగుతోంది. ఉన్నట్టుండి మాట మధ్యలో తెగింది. ఫ్యాను చప్పుడు. కింద వీధిలో ఎవరో తలుపు కొడుతున్న చప్పుడు. మళ్ళీ ఫ్యాను. ఆ తర్వాత తన గొంతే, ఏమీ ఎరగనట్టు వేరే వాక్యం అందుకుంది.  తన ఇంట్లో, తన గదిలో, తాను లేని కాసేపది. వినలేక చెరిపేసింది.

అక్కకు చెప్పక తప్పలేదు. అక్క పార్లర్‌లో జుట్టు కత్తిరిస్తుంది. ఎంతమంది తలలు చూసిందో, అన్ని సలహాలు ఉంటాయి ఆమె దగ్గర.

"డాక్టరు దగ్గరికి రేపే పోదాం. ఆ ఇంటర్వ్యూ వాళ్ళకి మాత్రం నోరెత్తకు. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు. రెండోది నా పొట్ట కొట్టే మాటే అనుకో, మొదటిది మాత్రం బంగారం."

"ఇంటర్వ్యూ అయ్యాక వెళ్తానక్కా. మందు మొదలుపెడితే కొన్నాళ్ళు తల మొద్దుబారిపోతుంది. నాకు గుర్తుంది."

"ఆ లోపల ఏ బస్సు కిందో పడితే?"

"నువ్వు తోడు రా."

అక్క తిట్టుకుంటూనే సెలవు పెట్టింది.

ఇంటర్వ్యూ గది చిన్నది. బల్లకు అవతల ముగ్గురు. నడుమ గైడ్ మేడమ్, మూర్ఛ పిల్లల క్లినిక్ కూడా నడిపే ఆవిడ; పేపర్లలో పేరు చూడటమే గానీ మనిషిని చూడటం ఇదే మొదలు. ఒక పక్క తెల్లజుట్టు పెద్దాయన, ఇంకో పక్క కుర్రతనం వదలని లెక్చరర్.  మొదలుపెట్టాక మాట సాగింది. చేపపిల్లల గుడ్లు ఎలా పెంచారో, వెలుతురు పడగానే మెదడులో ఏ కణాలు మెరుస్తాయో చెప్పుకుపోయింది. పెద్దాయన తల ఊపాడు. ఇంకేం, గట్టెక్కినట్టే అనుకుంది.

"చీకట్లోంచి ఒక్కసారిగా వెలుతురు చూపించినప్పుడు..."

లెక్చరర్ నిలబడి ఉన్నాడు. ఆమె ముందు నీళ్ళ గ్లాసు ఉంది. అంతకుముందు లేదు. ఇందాక కుర్చీలో వెనక్కి వాలి ఉన్న పెద్దాయన బల్ల మీదికి వంగి చూస్తున్నాడు.

"ఏమన్నారు సార్?"

"నేనేమీ అనలేదమ్మా. మీరే ఆగిపోయారు."

"సారీ సార్. ఆలోచిస్తున్నాను."

  ఎలాగో అందుకుని పూర్తిచేసింది. పెద్దాయన రెండు ప్రశ్నలు వేశాడు, జవాబులు చెప్పింది. ఏం చెప్పిందో తర్వాత ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.  మేడమ్ మాత్రం అప్పటినుంచీ ఆమె రెప్పల వంకే చూస్తోంది. ఇలాంటి పిల్లల్ని ఆవిడ ఎంతమందిని చూసి ఉంటుంది!

"మీ స్టేట్‌మెంట్‌లో ఒక పిల్ల గురించి రాశారు," అంది మేడమ్. "తగ్గిపోయిందన్నారు. ఆ పిల్ల ఇప్పుడెలా ఉంది?"

బాగుంది మేడమ్. అంతే, రెండు మాటలు. అక్క చెప్పినట్టు ఊరుకోవచ్చు. అప్పుడు తట్టింది ఆమెకు అసలు భయం. 'బాగుంది' అంటూ అంటూ ఆ మాట మధ్యలోనే మళ్ళీ ఆగిపోతే? దాచడానికి అది తన చేతిలో ఉంటేగా!

"ఆ పిల్ల నేనే మేడమ్. తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఇందాక కూడా వచ్చింది."

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "మైక్రోస్కోపుల లేజర్ గదిలో పని ఉంటుందే మరి, ఏమరుపాటు కుదరదు," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

"డాక్టరుకి చూపించారా?" అడిగింది మేడమ్.

"లేదు మేడమ్. మందు మొదలుపెడితే ఇవాళ సరిగ్గా మాట్లాడలేనేమోనని..."

"మా దగ్గరికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లులకి మేం రోజూ చెప్పేదొకటే, ఆలస్యం చేయొద్దని. మీరు ఈ విషయమే చదువుతానని, ఈ స్థితిలో రోడ్లన్నీ దాటుకుంటూ వచ్చారు."

"అక్క తోడొచ్చింది మేడమ్."

లెక్చరర్ నవ్వు ఆపుకున్నాడు. మేడమ్ నవ్వలేదు.

"మీ జబ్బుకి ఇక్కడ మార్కులు కలపం, తీసెయ్యం. కానీ ఒక ప్రశ్న అడగాలి. తన రోగం మీద తానే పరిశోధన చేసేవాళ్ళకి, చూడాలనుకున్నదే కనిపిస్తుంది. మీరేం చేస్తారు?"

ఇది ఆమెకు తెలిసిన పని. వెంటనే మాట దొరికింది. "మూర్ఛ జబ్బున్న చేప ఏదో, లేనిది ఏదో నాకు తెలియనివ్వను మేడమ్. గుర్తులు ఇంకొకరు వేస్తారు. నేను కొలిచి అప్పగించాకే ఏది ఏదో విప్పి చెప్తారు. ఇప్పుడున్న ల్యాబ్‌లో అలాగే చేస్తున్నాం."

"విప్పాక మీకు నచ్చనిది బయటపడితే?"

"నాలాంటివాళ్ళకి ఇది ఎప్పటికీ పోదని వస్తేనా?" ఆమెకు కళ్ళు చెమర్చాయి. "భయపడతాను మేడమ్. వచ్చిందే రాస్తాను."

"సరే, వెళ్ళి రండి," అంది మేడమ్. మొహం చూస్తే అవునో కాదో తెలిస్తే ఒట్టు.

బయట బెంచీ మీద కూర్చున్న అక్క లేచి నిలబడింది. "ఏమైంది?"

"చెప్పేశాను."

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే!" అని నెత్తి కొట్టుకుంది అక్క. అయినా చేయి వదల్లేదు. ఆ చేయి పట్టుకునే నేరుగా ఆస్పత్రికి లాక్కుపోయింది.

అక్కడ మెదడు అలలు చూసే ఈఈజీ పరీక్షకు ఆమె తలంతా జిగురు పూసి తీగలు అంటించారు. "ఈ జిగురు వదలాలంటే నా తల ప్రాణం తోకకొస్తుంది," అని అక్క గొణిగింది. తర్వాత గబగబా ఊపిరి తీసి వదలమంది పరీక్ష చేసే అమ్మాయి. అలా చేస్తే అది వస్తుందని పరాకుకు తెలుసు. ఇన్నాళ్ళూ దేన్నుంచి పారిపోయిందో దాన్నే చేతులారా పిలవాలి. అక్క వేళ్ళు నలిగేలా పట్టుకుని ఊపిరి తీసింది, వదిలింది, తీసింది.

"అయిపోయిందండీ," అంటోంది ఆ అమ్మాయి.

తెర మీద అలలు దువ్వెన పళ్ళలా వరసగా, పొడుగ్గా నిలబడి ఉన్నాయి. పుస్తకాల్లో ఎన్నిసార్లు చూసిందో అలాంటివి! ఇవి తనవి. అక్క మొహం తిప్పేసుకుంది. పరాకు మాత్రం దగ్గరికి జరిగి, ఆ అల ఎక్కడ మొదలైందో, ఎక్కడ తెగిందో చివరిదాకా చూసింది.

డాక్టరు మందు రాశాడు. పూర్తిగా పోతుందా అంటే, చెప్పలేను అన్నాడు.

మందుకు తల దిమ్మెక్కిన రోజుల్లోనే ఫలితం వచ్చింది. మెయిల్ తెరిచే ధైర్యం లేక ఫోను అక్క చేతికిచ్చింది. అక్క ఒకటికి రెండుసార్లు చదివి, ఏడుస్తూ వీపు మీద ఒక్కటి వేసింది. సీటు వచ్చింది. మేడమ్ విడిగా కూడా ఒక మెయిల్ పంపింది: 'మందు కుదిరాకే చేరండి. సీటు ఎక్కడికీ పోదు. లేజర్ గదిలోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. ఇది మీ కోసం పెట్టిన నియమం కాదు, అందరికీ ఉన్నదే.'

చేరిన రోజు మేడమ్ ఆమెను కొత్త ల్యాబ్ వాళ్ళకు పరిచయం చేసి వెళ్ళిపోయింది. అందరూ ఆమె వంక చూశారు. 

"నేను మాట మధ్యలో ఆగిపోతే కంగారు పడకండి," అంది. "చేతిలో వేడిదో, పదునైనదో ఉంటే తీసుకోండి. చాలు, నేనే తిరిగి వస్తాను."

"ఎంతసేపు ఉంటుందది?" అడిగింది పక్క బల్ల అమ్మాయి.

"నాకు తెలియదు. మీరే చూసి చెప్పాలి."

ఆ అమ్మాయి సరేనని తన కుర్చీ కాస్త ఇటు జరుపుకుంది. మెరిసే కణాలు చూడటానికి ఎవరో గదిలో లైటు తీసేశారు. ఆ చీకట్లో మళ్ళీ వస్తుందేమోనన్న భయం పరాకును వదల్లేదు. ఆమె మైక్రోస్కోపు మీదికి వంగింది.