వరహాలమ్మ మేడం తెల్లకోటు

నేను ఒక తెల్లకోటును. ఆసుపత్రి కోటును కాను, పాఠం చెప్పే కోటును. ఇథియోపియాలో కొండల మీదున్న ఈ ఊళ్లో బడిపంతుళ్లను తయారుచేసే కాలేజీ ఒకటుంది. ఇక్కడ పాఠం చెప్పేవాళ్లు సూటు మీదైనా చీర మీదైనా నాలాంటి కోటు తొడుక్కోవాలి. బజారులో దుకాణం అరుగు మీద మిషను పెట్టుకున్న ములుగేట అనే దర్జీ నన్ను కుట్టాడు. సుద్దముక్కలు పట్టేలా జేబులు లోతుగా పెట్టమని దగ్గరుండి మరీ కుట్టించుకుంది లెక్కల మేడం వరహాలమ్మ. ఆమెది విజయనగరం పక్క పల్లె. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. అందుకేనేమో, రోజూ నన్ను తొడుక్కునే ముందు ఒకసారి దులిపి కళ్లకు అద్దుకునేది. కోటుకు ఇంతకన్నా ఏం కావాలి?

కొన్నాళ్లకు ఆమె మెడ దగ్గర గడ్డ లేచింది. ఆపరేషనుకని సొంతూరికి వెళ్లింది. నేను స్టాఫ్ రూములో మేకుకు వేలాడాను. వేలాడుతున్న కోటు కనిపిస్తే మనుషులకు చెయ్యి ఊరుకోదు. ఒకాయన వానలో నన్ను తలమీద కప్పుకుని పరిగెత్తాడు. ఇంకొకాయన డస్టరు దొరక్క నా చేతితోనే బోర్డు తుడిచేశాడు. నిజం చెప్పాలంటే నాకు కోపం రాలేదు. పోన్లే, సుద్ద వాసన మరిచిపోకుండా చేశాడనుకున్నాను.

రెండేళ్లకు ఆమె తిరిగొచ్చింది. నన్ను ఉతికి ఇస్త్రీ చేసింది. ఆపరేషనులో గొంతు సగం పోయింది. ఆమె మాట్లాడితే గాలి ఎక్కువ, మాట తక్కువ. ఆ సంగతి ముందే చెప్పినా కాలేజీవాళ్లు రమ్మన్నారు. ఆమెకే ధైర్యం చాలలేదు.

"ఎనక బెంచీకి ఇనపడకపోతే మాత్రం ఎల్లిపోతానన్నయ్యా. జాలి మీద ఉద్యోగం నాకొద్దు," అంది, ఫిజిక్సు చెప్పే సన్యాసిరావు గారితో. ఆయనదీ వాళ్లవైపే.

"ఓలమ్మా! నీ గొంతు బాగున్నన్నాళ్లూ గోడవతల నా పిల్లలు కూడా నీ లెక్కలే రాసుకునీవోరు. ఇకనైనా నా పాఠం నన్ను చెప్పుకోనీ," అన్నాడాయన.

ఆమె నవ్వబోయి దగ్గింది. గంట కొట్టారు.

క్లాసంతా లేచి నిలబడింది. ఆమె త్రిభుజం గీసి పాఠం మొదలుపెట్టింది. ఎక్కడా చప్పుడు లేదు. ఆమె మాటిమాటికీ వెనక బెంచీ వైపు చూస్తూనే ఉంది. చివరికి, "అర్థమైందా?" అని అడిగింది.

క్లాసంతా ఒక్కసారిగా ఊపిరి లోపలికి లాగింది, ఏదో చూసి జడుసుకున్నట్టు.

ఆమె ముఖం పాలిపోయింది. తన గొంతు విని పిల్లలు బెదిరిపోయారనుకుంది. సుద్దముక్క బల్ల మీద పెట్టేసి నా గుండీ విప్పింది. నాకు నోరుంటే అరిచేదాన్ని. అమ్మా, ఇక్కడివాళ్లు 'అవును' అనేది అలా ఊపిరి లాగే కదా! రెండేళ్లలోనే మరిచిపోయావా?

ముందు వరసలోని వర్కినేష్ అనే అమ్మాయి లేచింది. "మేడం, అవుననే అంటున్నాం. తర్వాతది చెప్పండి."

వెనకనుంచి ఒక కుర్రాడు, "నాకు సగమే వినిపించింది మేడం. ఆ సగం అర్థమైంది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కళ్లు తుడుచుకుని గుండీ మళ్లీ పెట్టుకుంది. కానీ ఆ 'సగం' ఆమెను ఆ సాయంత్రమంతా వదల్లేదు.

మర్నాడు మేము వెళ్లేసరికి గదిలో వెనకభాగమంతా ఖాళీ. బెంచీలన్నీ మోసుకొచ్చి బోర్డు ముందు ఇరికించేశారు. ఆమె అటూఇటూ తిరగడానికి ఇరుకు సందు మాత్రం వదిలారు. ఆమె మామూలుగా మాట్లాడింది. అందరికీ వినిపించింది.

ఇప్పుడు నేను పాతబడ్డాను. అంచుల నిండా చిరుగులే. అన్నీ ఆ సందులో బెంచీ మూలలు తగిలి పడ్డవే. ఒక్కటి కూడా కుట్టించొద్దని నా కోరిక.