గ్రీజు బాబాయి చెప్పబోయిన మాట

ఫ్యాక్టరీలో అందరూ నన్ను రేడియో అనేవాళ్ళు. ఎవరి గొంతయినా రెండు రోజులు వింటే చాలు, అచ్చు గుద్దినట్టు దించేసేవాణ్ణి. ముక్కుతో సాగదీస్తూ మా సూపర్‌వైజర్ అనే "ఏం బాబూ" దగ్గర్నుంచి, గేటు దగ్గర సెక్యూరిటీ తాత దగ్గు దాకా నా దగ్గర అన్నీ సిద్ధంగా ఉండేవి. మాది అట్టపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీ. పెట్టెల అంచులు అతికించే మిషన్ మీద పదకొండేళ్ళు పనిచేశాను. నన్నడిగితే మాత్రం నా అసలు ఉద్యోగం నవ్వించడమే అనేవాణ్ణి. టీ టైములో నా చుట్టూ నలుగురు చేరకపోతే ఆ రోజు పనికి వెళ్ళినట్టే ఉండేది కాదు.

మాలో నవ్వుకి ఒక వరుస ఉండేది. ముందు నా పక్కన పనిచేసే గమ్ము మామ నవ్వేవాడు. అతనికి ముందు పొట్ట కదిలేది, తర్వాత నోరు తెరుచుకునేది. ఆ తర్వాత పంచింగ్ మిషన్ దగ్గర ఉండే అక్క. వయసుతో పని లేకుండా అందరికీ ఆవిడ అక్కే. ఆవిడ నవ్వితే షెడ్డు రేకులు మోగేవి. అక్క నవ్విందంటే మిగతావాళ్ళకి ధైర్యం వచ్చేది. చివరికి సూపర్‌వైజర్ కూడా పెదవి బిగబట్టి, ఆగలేక నవ్వేశాడంటే ఇక అందులో తప్పేమీ లేదన్నమాట. ఎవర్ని ఎప్పుడు అనుకరించాలో నాకు బాగా తెలుసు. సూపర్‌వైజర్‌ని అతను లేనప్పుడే చెయ్యాలి. అక్కని అక్క ఎదురుగానే చెయ్యొచ్చు, ఆవిడ తిరిగి నాలుగు తగిలిస్తుంది కాబట్టి. తిరిగి ఏమీ అనలేనివాణ్ణయితే ఎప్పుడైనా, ఎక్కడైనా చెయ్యొచ్చు.

అలాంటి మనిషి మాలో ఒక్కడే ఉండేవాడు, గ్రీజు బాబాయి. మిషన్లకి నూనె పోసి, గ్రీజు పెట్టి, బోల్టులు బిగించడం ఆయన పని. యాభై ఏడేళ్ళ మనిషి. సంతకం తప్ప రాయడం రాదు. మాటలో నత్తి. మిగతా అక్షరాలు ఎలాగో గట్టెక్కేవి గానీ, "క" దగ్గర మాత్రం పూర్తిగా ఆగిపోయేవాడు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు "క్... క్... క్..." అని, మెడ నరాలు ఉబ్బి, ఆ మాట వదిలేసి ఇంకో మాట వెతుక్కునేవాడు. ఆయన నోరు సరిగ్గా ఎక్కడ ఆగుతుందో, ఎంతసేపు ఆగుతుందో, ఏ మాట వదిలేస్తాడో నేను ఏళ్ళ తరబడి గమనించాను. ఆయన్ని నా అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఆ ఫ్యాక్టరీలో ఇంకొకరు లేరు. ఆ విన్నదాన్ని నేను వాడుకున్న తీరే ఇప్పుడు చెప్పుకోవలసి వస్తోంది.

రోజూ పొద్దున ఎనిమిదింటికి, మిషన్లు ఆన్ చెయ్యకముందు, పది నిమిషాల మీటింగ్ ఉండేది. అందరం గుండ్రంగా నిలబడేవాళ్ళం. ఆ రోజు ఎన్ని పెట్టెలు కావాలో సూపర్‌వైజర్ చదివి, చివర్లో "ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అని అడిగేవాడు. అడిగేసరికే అతని ఒక కాలు తన గది వైపు తిరిగి ఉండేది. ఎవరూ ఏమీ చెప్పేవాళ్ళు కాదు.

ఆ సోమవారం గ్రీజు బాబాయి చెయ్యెత్తాడు.

అందరం ఆశ్చర్యపోయాం. ఆయన మీటింగులో నోరు విప్పడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. నూనె డబ్బా కింద పెట్టి, రెండడుగులు ముందుకొచ్చాడు.

"పంచింగ్ మిషన్... దాని క్... క్... క్..."

సూపర్‌వైజర్ వాచీ చూసుకున్నాడు. ఎవరో బూటుతో నేల మీద గీస్తున్నారు. బాబాయి మెడ నరాలు ఉబ్బాయి. "క్... క్... క్..."

నేను వెనక వరసలో ఉన్నాను. మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చేసిందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. గమ్ము మామ నా వైపు ఓరగా చూశాడు. ఆ చూపులో ఒక ఎదురుచూపు ఉంది. దాన్ని ఖాళీగా పోనివ్వడం నాకు ఇష్టం లేకపోయింది.

"ఆగండాగండి," అన్నాను. "క్... క్... క్... బాబాయి గుడ్డు పెట్టేస్తున్నాడు!"

మామ పొట్ట కదిలింది. తర్వాత అక్క నవ్వు రేకుల్ని తాకింది. ఇక ఇరవైమందీ. సూపర్‌వైజర్ పెదవి బిగబట్టాడు, వల్ల కాలేదు, నవ్వేశాడు. "సరే బాబాయ్, టీ టైములో రా, నిదానంగా చెబుదువు," అని గదిలోకి వెళ్ళిపోయాడు.

బాబాయి నూనె డబ్బా తీసుకున్నాడు. నేరుగా పంచింగ్ మిషన్ దగ్గరికి నడిచాడు. అది పెద్ద మిషన్. రెండు ఇనుప పలకలు పుస్తకంలా తెరుచుకుంటాయి. మధ్యలో అట్ట పెట్టగానే మూసుకుని, పెట్టె ఆకారం కత్తిరించి, మళ్ళీ తెరుచుకుంటాయి. బాబాయి అక్కకి మిషన్ పక్కభాగం చూపించి, చేత్తో ఏదో సైగ చేశాడు. రెండు అరచేతులు దగ్గరికి తెచ్చి, విడదీసి, మళ్ళీ దగ్గరికి తెచ్చాడు. అక్క ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

"ఏం బాబాయ్, గుడ్డేది?" అంది.

ఆయన చేతులు అలాగే గాల్లో ఆగిపోయాయి. ఒక్క క్షణం ఆవిడ మొహం చూసి, తల దించుకుని వెళ్ళిపోయాడు. ఇదంతా నేను నా మిషన్ దగ్గర నిలబడి చూశాను. ఆయన చెప్పబోయింది క్లచ్ గురించని తర్వాత తెలిసింది. క్లచ్ జారుతోంది, మిషన్ ఆగాక కూడా పలకలు తమంతట తాము ఇంకోసారి మూసుకుంటున్నాయి. టీ టైము పదిన్నరకి. పది దాటి పది నిమిషాలకి అవి అలాగే మూసుకున్నాయి. లోపల ఇరుక్కున్న అట్టముక్క తీస్తున్న అక్క కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి.

ఆవిడ అరుపు కూడా రేకుల్ని తాకింది.

నాలుగో రోజు హెడ్డాఫీసు నుంచి ఎంక్వయిరీకి ఒక మేడమ్ వచ్చారు. పక్కన కంప్యూటరు ముందు ఒక గుమాస్తా. మేం గది బయట బెంచీ మీద వరసగా కూర్చున్నాం. ఇలా చెప్పాలని ఎవరూ ఎవరికీ నేర్పలేదు. గమ్ము మామ ఊరికే గోడకేసి చూస్తూ, "ఆయన ఏమన్నాడో మనకేం వినపడలేదు కదా," అన్నాడు. పక్కవాడు, "అవును, ఏం చెప్పలేదు," అన్నాడు. ఆ మాట బెంచీ చివరిదాకా వెళ్ళి వచ్చేసరికి అందరిదీ ఒకే మాట అయింది. లోపలికి వెళ్ళిన ప్రతివాడూ అదే చెప్పి వచ్చాడు. నేనూ అదే చెప్పాను. "మీటింగులో ఆయన ఏమీ చెప్పలేదండి." అబద్ధం కాదు కదా అనుకున్నాను. నిజంగానే ఏమీ చెప్పలేదు కదా.

చివర్లో అందర్నీ లోపలికి పిలిచి, బాబాయిని ముందు నిలబెట్టారు. మేడమ్ కఠినంగా ఏమీ లేరు. "క్లచ్ జారుతోందని మీకు ముందే తెలుసు. మరి చెప్పలేదా?" అని మామూలుగానే అడిగారు.

"చెప్పలే..." అన్నాడు బాబాయి. తర్వాత ఆగిపోయాడు. "చెప్పలే... క్... క్..."

ఆ మాట ఏమిటో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. "చెప్పలేకపోయాను" అని. "లే" తర్వాత "క" ఉంది. అక్కడ ఆయన నోరు ఆగిపోయింది. గుమాస్తా అప్పటికే టైపు చేసేశాడు. తల తిప్పకుండా పైకి చదివాడు. "చెప్పలేదు."

అంతకు మూడు రోజుల ముందు ఆయన నోట్లోని మాటని ఇరవైమంది ముందు నేనే పూర్తి చేశాను. ఈసారి పూర్తి చేస్తే ఒక మనిషి మీద నింద పడేది కాదు. నాలుక దాకా వచ్చింది. సూపర్‌వైజర్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. మామ నా వైపు చూడటం లేదు. నేను చెప్పుల వైపు చూసుకున్నాను.

బాబాయి కాసేపు ప్రయత్నించి, తల ఊపి, చూపించిన చోట సంతకం పెట్టాడు. తెలిసీ చెప్పకపోవడం నిర్లక్ష్యం అన్నారు. ఆయన్ని మిషన్ల దగ్గర్నుంచి తీసేసి, షెడ్డు వెనక చెత్త అట్టలు కట్టలు కట్టే చోట వేశారు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నా మొహం చూసి మా ఆవిడ మంచినీళ్ళు ఇచ్చింది. ఏడేళ్ళ మా అమ్మాయి మాత్రం నన్ను నవ్వించాలనుకుంది. గది మధ్యలో నిలబడి, మోచేతులు రెక్కల్లా ఆడిస్తూ, మెడ ముందుకు సాచి, "క్... క్... క్... నాన్నా, నేను గ్రీజు తాతని!" అంది.

చాలా బాగా చేసింది. ఎక్కడ ఆగాలో సరిగ్గా అక్కడ ఆగింది. నేర్పింది నేనే. సోమవారం కంటే ముందు ఎన్నో సాయంత్రాలు ఇదే గదిలో చేసి చూపించాను.

"ఆపు," అన్నాను. నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. పిల్ల బెదిరిపోయి వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళింది.

"దాన్నెందుకు కసురుతారు?" అంది మా ఆవిడ. "మీరు చేస్తే నవ్వాం. అది చేస్తే తప్పయిందా?"

మర్నాడు సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్ళాను. అక్క చేతికి మోచేతి దాకా కట్టు ఉంది. కాసేపు అదీ ఇదీ మాట్లాడింది. తర్వాత, "ఒరేయ్ రేడియో, ఆ రోజు బాబాయి నా దగ్గరకొచ్చి చేతులతో ఏదో చూపించాడు. ఏంట్రా అది?" అని అడిగింది.

చెప్పాను. అరచేతులు దగ్గరికి తెచ్చి, విడదీసి, మళ్ళీ దగ్గరికి తెచ్చి చూపించాను.

అక్క నా చేతుల వైపే చాలాసేపు చూసింది. "నేను గుడ్డేదని అడిగాను," అంది నెమ్మదిగా. "నవ్వుకుంటూ వెళ్ళి దాని ముందే నిలబడ్డాను." నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికే వెళ్ళానేమో కూడా. తిట్టలేదు. "ఇక వెళ్ళు. నర్సు వస్తుంది," అని గోడ వైపు తిరిగింది.

అక్కడినుంచి నేరుగా షెడ్డు వెనక్కి వెళ్ళాను. బాబాయి ఎండలో కూర్చుని అట్టముక్కలు తాడుతో కడుతున్నాడు. ఎదురుగా గొంతుక్కూర్చుని, "బాబాయ్, తప్పయిపోయింది. క్షమించు," అన్నాను.

ఆయన తాడు వదల్లేదు. "క్... క్... క్..." అన్నాడు.

మాట నాకు తెలుసు. అలవాటు కొద్దీ నాలుక ముందుకు ఉరికింది. పళ్ళతో నొక్కిపట్టి కూర్చున్నాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. మెడ మీద ఎండ చురుక్కుమంటోంది.

"క్షమించడానికి నేనెవర్నిరా," అన్నాడు ఎట్టకేలకు. "వెళ్ళి ఆ మేడమ్‌తో చెప్పు." మళ్ళీ ముడి వేసుకుంటూ అన్నాడు. "నువ్వు నాలాగా చేసేటప్పుడు క్... కళ్ళు మూస్తావు. నేను మూయను. మీ మొహాలు చూస్తూనే ఉంటాను."

పదకొండేళ్ళలో ఆయన మాట మొత్తం నేను వినడం అదే మొదటిసారి.

మేడమ్ వెళ్ళిపోయే రోజు లోపలికి వెళ్ళి అంతా చెప్పాను. గుడ్డు మాట కూడా. ఆ ఏసీ గదిలో, గుమాస్తా ఎదురుగా ఆ జోకు మళ్ళీ చెప్పవలసి వచ్చింది. మేడమ్ "సరిగ్గా ఏమన్నారు?" అని అడిగారు, అచ్చంగా అదే మాట కావాలన్నారు. చెప్పాను. ఎవరూ నవ్వలేదు. గుమాస్తా టైపు చేశాడు.

"మొన్న ఎందుకు చెప్పలేదు?"

"అందరూ అదే చెప్పారండి."

"అందరి సంగతి కాదు. మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆవిడ గుమాస్తా చేత జవాబు లేదని రాయించారు.

బాబాయిని తిరిగి మిషన్ల మీదికి తీసుకున్నారు. సూపర్‌వైజర్‌ని ఇంకో చోటికి మార్చారు. అనుమానం వస్తే ఎవరైనా సరే ఎవర్నీ అడగకుండా ఎర్ర బటన్ నొక్కి మిషన్ ఆపొచ్చని కొత్త రూలు పెట్టారు. నాకు మాత్రం ఏ శిక్షా పడలేదు. నవ్వించినందుకు ఏ రూలు కింద శిక్ష వెయ్యాలో వాళ్ళకి దొరకలేదు. ఫ్యాక్టరీలో నాతో మాట్లాడటం మానేశారు. "అందర్నీ ఇరికించావు కదరా," అన్నాడు గమ్ము మామ, ఒక్కసారే. టీ టైములో నేను వెళ్తే నలుగురూ కప్పులు ఖాళీ చేసి లేచేవాళ్ళు. అలా లేవాలని కూడా ఎవరూ ఎవరికీ చెప్పి ఉండరు. అక్క రెండు నెలల తర్వాత వచ్చి, ఎడమచేత్తో లెక్కపెట్టే పనిలో చేరింది. నేను దణ్ణం పెడితే పలికేది, అంతే.

ఒక పొద్దున మీటింగులో కొత్త సూపర్‌వైజర్ ఎప్పటిలాగే అడిగాడు. బాబాయి చెయ్యెత్తాడు. ఎవరూ కదల్లేదు. "మూడో మిషన్... క్... క్... క్..." చాలామంది నేల చూపులు చూస్తున్నారు. నేను తల ఎత్తి ఉంచాను. ఆయన కళ్ళు నిజంగానే మూసుకోలేదు. ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ నా దాకా వచ్చాయి. కాసేపు నా మీదే ఆగాయి.

"...కొత్త బెల్టు వెయ్యాలి," అన్నాడు.

కొత్త సూపర్‌వైజర్ రాసుకున్నాడు. అందరూ ఎవరి మిషన్ దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు. నా చెవులు కాలిపోతున్నాయి. గమ్ము డబ్బా మూత రెండుసార్లు తప్పుగా తిప్పి, మూడోసారికి తీశాను.