ఇరవై మూడో నంబరు జోడీ

శామీర్‌పేట అవతల ఆ హైస్కూల్లో రెండువేల ఒకటిలో పదో తరగతి పిల్లలు తమకు తామే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి ఒక్కరికీ ఒక జోడీ. హాజరు పిలిచినప్పుడు ఎవరైనా రాకపోతే, ఎందుకు రాలేదో వాళ్ల జోడీ లేచి చెప్పాలి. ఐదు రోజులు దాటితే క్లాసంతా కలిసి ఆ ఇంటికి పోవాలి. కొత్త కాలనీ నుంచి వచ్చే సీతామహాలక్ష్మి ఆలోచన ఇది. "మనలో ఎవరూ చెప్పాపెట్టకుండా మాయమైపోకూడదు" అంది. అంతకుముందు ఏడాది ఏడుగురు అట్లాగే బడి మానేశారు మరి, ఎందుకని అడిగిన పాపాన ఎవడూ పోలేదు. క్లాసు టీచరు వీరభద్రం సారు కూడా సరేనన్నాడు.

ఆ క్లాసులో అండాలు అనే పిల్లకు జోడీ స్వరూప, జనార్ధన్ పటేల్ బిడ్డ. రోడ్డు పక్క భూమి ప్లాట్లకు అమ్మి, వచ్చిందంతా సర్పంచ్ ఎన్నికలో తగలేసి, ఓడిపోయి, కీసర దారిలో కోళ్లఫారంలో పనికి చేరి, పెళ్లాం బిడ్డతో అక్కడే కాపురం పెట్టాడు ఆ మహానుభావుడు. పైకి మాత్రం మేనేజరునని చెప్పుకునేవాడు.

దసరా సెలవుల తర్వాత స్వరూప బడికి రాలేదు. సాయంత్రం అండాలు ఫారానికి పోయి చూస్తే, తల్లికి నడుము పట్టేసిందని ఆ పిల్ల షెడ్డులో గుడ్లు ఏరుతోంది.

"నాలుగు దినాలేనే. జెరమని చెప్పు. పటేల్ బిడ్డ కోళ్ల షెడ్ల పని జేస్తాందంటే క్లాసుల నా ఇజ్జత్ ఏముంటది? ఒట్టెయ్యి" అంది స్వరూప.

అండాలు తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసింది.

మర్నాడు సారు స్వరూప నంబరు, ఇరవై మూడు, పిలవగానే లేచి, "జెరం సార్" అంది.

ఐదో రోజు సీతామహాలక్ష్మి, "రేపు అందరం వెళ్లి చూసొద్దాం" అనేసరికి అండాలు గబుక్కున లేచింది.

"తగ్గింది. సోమారం వస్తనన్నది" అని చెప్పింది. సోమవారం వచ్చాక, "మల్ల తిరగబెట్టింది" అంది. ఇట్లా నాలుగు సోమవారాలు గడిచాయి. రోజూ నోట్సు మోసుకుపోయి, ఆ కంపులో కూర్చుని లెక్కలు చెప్పేది. స్నేహమంటే ఇదే అనుకుంది, పిచ్చి మొద్దు!

స్వరూప గేటు దగ్గరే ఎదురొచ్చి, "ఇయ్యాల గూడ ఒక్కదానివే వచ్చినవా?" అని అడిగేది. ఒట్టు తప్పానేమోనని అడుగుతోంది కాబోలు అనుకుని, "ఒక్కదాన్నేనే, పరేషాన్ గాకు" అనేది అండాలు.

పబ్లిక్ పరీక్షకు పేర్లు మేడ్చల్‌లో విద్యాశాఖ ఆఫీసుకు పంపే రోజు వచ్చింది. హాజరు చాలలేదని సారు స్వరూప పేరు కొట్టేశాడు. అప్పుడు వెక్కి వెక్కి ఏడుస్తూ అండాలు ఉన్నదంతా కక్కేసింది.

"నెల దినాల సంది అబద్ధమా?" సారు కుర్చీలో కూలబడ్డాడు. "జనార్ధన్, నేను ఒక్క బెంచీల సదువుకున్నం. ముందుగాల ఒక్క మాట చెప్తే, పొయ్యి ఆని ఇంట్ల కూసునేటోణ్ని. నా మాట కాదనేటోడు గాదు."

ఆ సాయంత్రం క్లాసంతా కలిసి ఫారానికి నడిచింది. గేటు దగ్గర ఊడుస్తున్న బుచ్చవ్వ చీపురు పక్కన పెట్టింది.

"పొద్దుగాలనే సామాను కట్టుకొని పోయిన్రు బిడ్డా. గాజులరామారం దిక్కు ఏదో ఫ్యాక్టరీల పనట. యాడనో నాకెరుకలేదు." ఆ పిల్లల గుంపును ఒకసారి కలయజూసి, మళ్లీ అంది: "మీరేనా? తండ్రి ఇగ బడి బంద్ అన్నప్పటి సంది స్వరూప, ఐదు దినాలైతే మా క్లాసంత వస్తది అవ్వా, గంత మందిని జూస్తె నాయిన సిగ్గుపడి నన్ను బడికి తోలుతడు అనేది. దినాం గీడనే నిలబడేది, పాపం."

అందరూ అండాలు వైపు చూశారు. ఒక్కొక్కరే వెనక్కి తిరిగి నడిచారు. నాలుగు తిట్టినా బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంది.

మర్నాడు సీతామహాలక్ష్మి జోడీల పేర్లు మళ్లీ రాసింది. "అండాలుతో ఎవరుంటారు?" అని అడిగింది. ఒక్క చెయ్యీ లేవలేదు. రెండోసారి అడగబోతుంటే, "నాకొద్దులే" అంది అండాలు.

తర్వాతి వారం అండాలుకు నిజంగానే జ్వరం వచ్చింది. మూసిన కన్ను తెరవకుండా మంచంలో పడి ఉండగా దూరంగా బడి గంట వినిపించింది. ఇప్పుడు సారు తన నంబరు పిలుస్తుంటాడు. లేచి జవాబు చెప్పేవాళ్లు ఎవరూ లేరని ఆమెకు తెలుసు.