గౌరీదేవి కడుపుకోత

1977 వేసవిలో గౌరీదేవి మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ తేలింది. ఆమె హిందీ మాట్లాడే ఉక్కు నగరంలో, క్యాంప్ 1 అనే కార్మికుల బస్తీలో, ఇంటి వసారాలోనే మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. భర్త నరసింగరావుకి ఉక్కు ప్లాంటులో రైలుపట్టాల మిల్లులో పని. గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చేయించిన డాక్టరు దేశ్‌పాండే, ఇద్దర్నీ కూర్చోబెట్టి హిందీలో చెప్పాడు. అది హాడ్జ్‌కిన్ జబ్బు. మెడలో, చంకల్లో, గజ్జల్లో బిళ్లకట్టే క్యాన్సరు.

"మెడ దగ్గరే ఆగితే రేడియేషన్ కరెంటు పెడితే చాలు. కడుపులోకి దిగితే ఆరు నెలలు సూదిమందు ఎక్కించాలి. ఎక్స్‌రేలో అది తెలీదు. పొట్ట తెరిచి, ప్లీహం తీసి, కాలేయంలో ముక్క తీసి చూడాలి."

ఆ సాయంత్రం బావగారు వెంకటరత్నం ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్ 2 నుంచి సైకిలు మీద, కోపంతో ఊగిపోతూ వచ్చాడు. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురుండేది కాదు.

"మెడలో గడ్డకి కడుపు కొయ్యడవేటి? ఆడు నేర్చుకోడానికి మనవే దొరికామేటి? ఒద్దని సెప్పీరా, తమ్ముడూ!"

నరసింగరావు తల దించుకున్నాడు. గౌరీదేవి మిషను ఆపింది.

"కడుపు నాది బావగోరూ. అందులో ఏటుందో నాకు తెలవాల. మీకు బయమైతే రాకండి."

ఆసుపత్రిలో గుమాస్తా ఆపరేషను ఒప్పుకోలు కాగితం భర్త వైపు జరిపాడు. ఆమె దాన్ని తన ముందుకు లాక్కుని తెలుగులో పేరు రాసింది. "ముందు నేను. తరవాత ఆయన" అంది. నరసింగరావు కింద సంతకం పెట్టాడు.

తీసిన ప్లీహం పైకి నున్నగా, మామూలుగానే కనిపించిందట. పది రోజులకు రిపోర్టు వచ్చింది. లోపల రెండుచోట్ల జబ్బు ఉంది.

"కోసి కోసి రోగాన్ని పెంచీసినారు!" అని వార్డులోనే అరిచాడు వెంకటరత్నం.

గౌరీదేవి కుట్లు పట్టుకుని లేచి కూర్చుంది. నొప్పికి కళ్లనీళ్లు తిరిగాయి.

"అది ముందే ఉంది. కొయ్యకపోతే కనపడదు. కనపడకపోతే లేనట్టా? ఉత్త కరెంటు పెట్టించుకుని, బాగైపోనానని ఇంటికాడ కూకుందును."

సూదిమందు మొదలైంది. జుట్టంతా రాలిపోయింది. వాంతులతో మంచం పట్టిన రోజులున్నాయి. లేవగలిగిన రోజున మాత్రం బోడితలతోనే వసారాలో కూర్చుని కుట్టింది. ముసుగు వేసుకోమని అత్త జోగమ్మ చీరకొంగు లాగితే, "ఉక్కపోత్తంది అత్తా" అని తీసేసింది. నాలుగో నెలలో, మందు మానిపించమని వచ్చిన అన్నకు నరసింగరావు ఎదురు నిలబడి, "దాని జోలికి రాకన్నయ్యా" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన నోట అంత గట్టిమాట ఆమె వినలేదు. ఆరు నెలలకు మందు పూర్తయింది, జబ్బు అణిగింది.

1986లో జ్వరమని ఆసుపత్రికి వెళ్తే, కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు ఆమె పొట్ట మీది పొడుగాటి మచ్చ చూసి, "ఇప్పుడు స్కానింగులున్నాయి దీదీ, ఇంత కొయ్యక్కర్లేదు" అన్నాడు జాలిగా.

"అప్పుడు లేవుగా భయ్యా" అని చీర సర్దుకుంది గౌరీదేవి. "జొరానికి మందు రాయి. ప్లీహం లేనోళ్లు జొరాన్ని ఊరికే ఒగ్గీకూడదని మీవోళ్లే సెప్పారు. ఇంటికాడ నా జాకెట్ల బేరాలు కాసుకున్నాయి."