పదకొండో తారీఖున వచ్చిన చుట్టం

మా ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ఒకాయన ఉంటున్నాడని మాకు ఒక మంగళవారం పొద్దున తెలిసింది. నేను పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాను. ఇద్దరు కానిస్టేబుళ్ళు, వాళ్ళ వెనకాల ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి, ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగారు. నేనూ మా ఆయనా అన్నాను. వాళ్ళ లెక్కలో ముగ్గురట. బీరువాలో చూశారు, మంచాల కింద చూశారు, నీళ్ళ డ్రమ్ము మూత కూడా తీశారు. మా ఆయన స్కూల్లో ల్యాబ్ అసిస్టెంటు. ఆయన కూడా వాళ్ళతో పాటు వంగి మంచం కింద చూశారు, నిజంగానే ఎవరన్నా ఉన్నారేమోనని.

ఆ మూడో మనిషి సంగతి తెలియాలంటే మా ప్రభుత్వం తీవ్రవాదాన్ని అణచిన చరిత్ర కాస్త చెప్పాలి. పుస్తకాల్లో ఎలా ఉందో నాకు తెలీదు. నాది వంటింటి వైపు నుంచి చూసిన చరిత్ర.

రైల్వే స్టేషన్లో బాంబు పేలినప్పుడు మొదటి చట్టం వచ్చింది. పోయినవాళ్ళలో మా వీధి చివర టైలరు భార్య కూడా ఉంది. అందుకని ఆ చట్టాన్ని ఎవరూ వెక్కిరించలేదు, నేనూ వెక్కిరించలేదు. ఇంటికో పుస్తకం ఇచ్చారు. రాత్రి మనింట్లో పడుకున్న చుట్టం పేరు, ఊరు, పని, ఆనవాళ్ళు, వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ అందులో రాయాలి. నెలకోసారి స్టేషన్లో చూపించి ముద్ర వేయించుకోవాలి.

మాకు చుట్టాలు రారు. మా అత్తగారి నోటి పుణ్యమా అని, ఉన్న నలుగురూ ఏనాడో రావడం మానేశారు. మా ఆయన రెండు నెలలు ఖాళీ పేజీలు పట్టుకెళ్ళి తిట్లు తిని వచ్చారు. మూడో నెల స్టేషన్ రైటరు పుస్తకం మొహాన కొట్టినంత పని చేశాడట. చుట్టం గడప తొక్కని ఇల్లు లోకంలో ఉండదు, రాయలేదంటే దాస్తున్నట్టే, ఖాళీ పేజీకి ముద్ర వెయ్యను పొమ్మన్నాడట. ఆ పూట మా ఆయన అన్నం ముట్టలేదు.

అప్పుడు నేను పెన్ను తీశాను. మా నాన్న నన్ను పట్టుబట్టి బీఏ ఎందుకు చదివించాడో ఆ రోజు అర్థమైంది. మా ఆయనకి వరసకి బాబాయి ఒకాయన పుట్టాడు. పుట్టడమే యాభై ఏళ్ళవాడుగా పుట్టాడు. కళ్ళజోళ్ళ ఫ్రేములు పెట్టెలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముతాడు. ఎడమకాలు కాస్త ఈడుస్తాడు. గడ్డం కింద మచ్చ. నెలకి రెండు రాత్రులు ఉండి పోతాడు. రైటరు ముద్ర గుద్ది, ఇప్పుడు సంసారుల ఇల్లులా ఉంది అన్నాడట. మా వీధిలో అందరిదీ అదే బాపతు. పక్కింటావిడ చచ్చిపోయిన మేనమామని నెలనెలా రప్పించేది. కనీసం ఆయన ఒకప్పుడు బతికినవాడు.

బజారులో కాల్పులు జరిగాక రెండో చట్టం వచ్చింది. ప్రభుత్వానికి అబద్ధం రాసిస్తే ఏడాది దాకా జైలు. అప్పటికి బాబాయి ఆరేళ్ళుగా వస్తున్నాడు. ఉన్నట్టుండి మానేస్తే అదో అనుమానం. అందుకని వస్తూనే ఉన్నాడు.

సచివాలయం మీద దాడి తర్వాత మూడోది. ఇక పుస్తకాలు లేవు, అంతా కంప్యూటరే. ఆ నెల బాబాయి పదకొండో తారీఖున వచ్చాడు, పదమూడున వెళ్ళాలి. పన్నెండున ఒక మనిషి వచ్చి వీధిలో పుస్తకాలన్నీ గోనెసంచిలో వేసుకుపోయాడు. వెళ్ళిన తేదీ రాసే యోగం బాబాయికి లేకపోయింది. మా ప్రభుత్వానికి చట్టాలు మా ఆయనకి చొక్కాల్లాంటివి, కొత్తది తెస్తారు గాని పాతది పారెయ్యరు. గోనెసంచుల్లోవి ఇన్నేళ్ళకి కంప్యూటర్లోకి ఎక్కించారు. అది వెంటనే మా బాబాయిని పట్టుకుంది.

ఆయన్ని చూపించేదాకా మేమిద్దరం వీధి దాటకూడదని కాగితం ఇచ్చి వెళ్ళారు.

ఉన్నాడంటే దాచిన నేరం, లేడంటే అబద్ధం రాసిన నేరం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంకెప్పుడైనా అయితే నుయ్యికీ గొయ్యికీ మధ్య కుర్చీ వేసుకుని కూర్చునేదాన్నే. కానీ మా అమ్మాయికి నెలలు నిండాయి. తొలి కాన్పు, వేరే ఊరు, దానికి అత్తగారు లేరు. డాక్టరు వారంలో అంది. రోజూ ఫోన్లో అది ఒకటే మాట, ఎప్పుడు బయల్దేరుతున్నావమ్మా అని. మోకాళ్ళ నొప్పులు తగ్గగానే అన్నాను. అబద్ధాలకి ఎలాగూ అలవాటైనదాన్నే.

మా ఆయన సలహా మీద, బాబాయి పదమూడునే వెళ్ళిపోయాడని ఇన్‌స్పెక్టరుతో చెప్పాను. ఆయన సంతోషంగా టైపు చేసుకున్నాడు. దాంతో బాబాయి పరారీ అయ్యాడు. ఆనవాళ్ళు అన్ని ఊళ్ళకీ వెళ్ళాయి.

ఆరో రోజు జీపు వచ్చింది. నన్నొక్కదాన్నే తీసుకెళ్ళారు. కిటికీ లేని గది, ట్యూబులైటు, బల్ల. బల్లకి అవతల అరవై దాటిన మనిషి, పక్కన తాళం పగిలిన పెట్టె. పెట్టెలో ఫ్రేములు. ఎడమకాలు ముందుకి చాపుకుని కూర్చున్నాడు. గడ్డం కింద చూడకుండా ఉందామనుకున్నాను, చూశాను. మచ్చ ఉంది.

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. మా అమ్మాయి సంగతి మా ఆయన చెప్పారట. ఇతనే అని సంతకం పెడితే నా మీద ఏమీ ఉండదనీ, అయిదున్నరకి బండి ఉందనీ, చోటు కూడా ఉందనీ చెప్పాడు. కనుక్కున్నాడు పాపం.

ఆ మనిషి నా వైపు అదే పనిగా చూశాడు, పెళ్ళిలో పలకరించినవాళ్ళ పేరు గుర్తు రానట్టు.

"అమ్మా, నేను మీ ఇంటికి వచ్చానా? నాకు గుర్తు రావట్లేదు. కానీ వచ్చే ఉంటానంటున్నారు వీళ్ళు," అన్నాడు.

అయిదున్నర బండి ఎక్కితే తెల్లారేసరికి అమ్మాయి దగ్గరుంటాను. అది నా కళ్ళకి కట్టింది కూడా. స్టేషన్ మెట్లు, ఆటో, దాని మొహం. తల ఊపితే చాలు, నోరు విప్పక్కర్లేదు.

"ఆయన రాలేదండీ. ఎవరూ రాలేదు. నేనే రాశాను," అన్నాను.

ఇన్‌స్పెక్టరు ల్యాప్‌టాప్ మీంచి చేతులు తీశాడు. "ఆరేళ్ళ పైచిలుకు?"

"అవునండీ."

"మచ్చ కూడానా?"

"మచ్చ కూడా."

ఇంకోసారి ఆలోచించుకోండి, ఇది రాసిచ్చాక నా చేతిలో ఉండదు అన్నాడు. నేను కాగితం అడిగాను. అన్నేళ్ళ తర్వాత మొదటిసారి పోలీసులకి నిజం రాస్తుంటే చెయ్యి తిరగలేదు, రెండు కాగితాలు పాడుచేశాను.

కళ్ళజోళ్ళాయన్ని మర్నాడు వదిలేశారట. మా ఆయనది పుస్తకం మోసిన పాపమే కాబట్టి ఆయన్నీ వదిలారు. విచారణ దాకా నేను ఇల్లు దాటకూడదు. గేటు దగ్గర కుర్చీ వేసి ఒక కానిస్టేబుల్‌ని కూర్చోబెట్టారు. కాన్పుకి మా ఆయన వెళ్ళారు. నొప్పులొచ్చినప్పుడు ఏం చెయ్యాలో రెండు గంటలు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, వేడినీళ్ళు ఎన్ని డిగ్రీలుండాలి అని అడిగారు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఆడపిల్ల. ఎవరి పోలిక అంటే ఎర్రగా ఉంది అన్నారు. అమ్మాయి ఏమంటోంది అంటే, నువ్వేదీ అని అడిగింది అన్నారు. వెనకాల పసిదాని ఏడుపు వినిపిస్తోంది. ఆయన ఫోను దాని దగ్గర పెట్టి మర్చిపోయినట్టున్నారు. చాలాసేపు అలాగే విన్నాను.

ఎప్పుడు చెప్పులేసుకున్నానో తెలీదు. గేటు దాకా వచ్చాక కానిస్టేబుల్ కుర్చీలోంచి లేచాడు. అడ్డం నిలబడడానికి మొహమాటపడి, గడియ మీద చెయ్యి వేశాడు.

"ఎవరు పుట్టారమ్మా?"

"మనవరాలు."

"బరువెంతుంది?"

"మూడు కిలోల చిల్లర."

"మంచి బరువేనమ్మా," అన్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.