వరప్రసాదం తాడు

మూడో లాగుడుకే వరప్రసాదానికి ఊపిరి అందలేదు. తాడు వదలకుండానే గుమ్మానికి ఆనుకుని, దమ్ము తీసుకుని, మళ్ళీ లాగాడు. చేతులు పడేచోట ఆ తాడు నల్లబడి, నున్నబడి మెరుస్తోంది. రేపల్లెలోని ఆ లూథరన్ గుడిని ఊడ్చేదీ, బల్లలు తుడిచేదీ, గంట కొట్టేదీ ఆయనే. చిక్కి శల్యమైన ఒళ్ళు, మోకాళ్ళ దాకా పంచె, ఎడమ భుజం కన్నా కాస్త కిందికి జారిపోయిన కుడి భుజం.

గంట పాత గుడి నుదుటి మీద ఉంది. తాడు మాత్రం ఇప్పుడు కొత్త స్లాబులోంచి దిగుతోంది. దొరల కాలంలో సున్నపు గచ్చుతో కట్టిన గుడి ముందు కమిటీవారు నీలం అద్దాల వరండా తగిలించారు. గుండ్రటి స్తంభాలు, మెరిసే రేకులు, మెట్ల పక్కన స్టీలు కమ్మీలు. సెల్‌ఫోన్ల షాపుకి ఉండాల్సిన ముఖం గుడికి వచ్చింది. స్లాబు పోసిన రోజున మేస్త్రీ నాగూర్ బాషా ఎవరికీ చెప్పకుండా ఒక ప్లాస్టిక్ గొట్టం నిలబెట్టి, "మీ తాడుకి దారి ఉంచా తాతా" అన్నాడు. ఇంత హడావిడిలోనూ తాడు సంగతి తలచుకున్నవాడు అతనొక్కడే.

ఆ వరండా మీద గొడవ జరగలేదని కాదు. రిటైరైన టీచరమ్మ స్టెల్లా గారు పాత గుడిని పాడు చేస్తున్నారని సంతకాలు సేకరించారు, పేపరువాళ్ళని పిలిపించారు, చరిత్ర గురించి మైకులో కళ్ళొత్తుకున్నారు. వరప్రసాదం కూడా పొంగిపోయి వేలిముద్ర వేశాడు. తీరా చూస్తే ఆవిడ బాధంతా వాళ్ళ తాతగారి పేరున్న చలవరాయి కొత్త గోడ చాటుకి పోతుందని. ఆ రాయిని పెకలించి అద్దాల పక్కన అతికించగానే ఆవిడ చరిత్ర ఊసు మానేశారు. ప్రారంభోత్సవానికి పట్టుచీర కూడా కొనుక్కున్నారు.

ఆ రోజు మధ్యాహ్నం వరండాకి సీలింగు బిగించే పనివాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనకే కమిటీ సెక్రటరీ రమేష్ బాబు, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. మర్నాడే ప్రారంభోత్సవం. తెల్లటి సీలింగు మధ్య ఆ కన్నం ఏంటని అతని చికాకు. ఇకనుంచి గంట స్పీకర్లోంచి వస్తుందట, ఫోను నొక్కితే చాలట, బస్టాండు దాకా వినపడుతుందట. పైనున్న గంట అందానికి అలాగే ఉంటుందట.

వరప్రసాదం జన్మలో ఎవరినీ ఏదీ అడిగినవాడు కాదు. సంఘంలో ఎవరు పోయినా చావుగంట ఆయనే కొట్టాడు. ఒక దెబ్బ, అది గాలిలో పూర్తిగా ఆరిపోయాక ఇంకొకటి. రైస్‌మిల్లు ఆసామికీ అంతే, నాట్లేసే కూలికీ అంతే. భార్య దేవకుమారి పోయిన తెల్లవారుజామున శవాన్ని ఇరుగుపొరుగుకి అప్పగించి, చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చి ఆవిడకీ కొట్టాడు. ఆ గంట విన్నాకే ఆవిడ పోయిందని ఆయనకి నమ్మకం కుదిరింది. అప్పుడు ఏడ్చాడు. ఆ గంట తనకీ దక్కాలి. అంతకు మించి ఆయనకి ఏ ఆశా లేదు.

"నేను పోయేదాకా ఆ కన్నం ఉంచండి బాబూ. నాకు నాలుగు దెబ్బలు కొట్టించాక మూసుకుందురు" అన్నాడు.

"నీకు స్పీకర్లో పెట్టిస్తాలే తాతా. ఇంకా ఖంగుమని మోగుద్ది" అని రమేష్ బాబు ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"అది గంట కాదండి" అన్నాడు వరప్రసాదం. ఎవరూ వినలేదు.

పనివాడు నిచ్చెనెక్కి తాడు కోశాడు. అది వచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడింది. ఆయన దాన్ని చుట్ట చుట్టి, పాత గుడిలో వెనక బల్ల మీద ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మందపాటి గోడల మధ్య అక్కడ చల్లగా ఉంది. ఆయనకి అందరి మీదా అసహ్యం వేసింది. వాళ్ళ అద్దాల మీద, వాళ్ళ స్టీలు మీద, ఆ సంతకాల మీద, వాటి నడుమ పడిన తన వేలిముద్ర మీద కూడా. సాయంత్రం గంట వేళకి కుడిచేయి దానంతటదే పైకి లేచింది. అందుకోవడానికి అక్కడేమీ లేక మళ్ళీ ఒళ్ళోకి వాలిపోయింది.

సామాను సర్దుకోవడానికి వచ్చిన నాగూర్ బాషా తట్టి లేపబోతే మనిషి పక్కకి ఒరిగాడు. చేతులు ఇంకా తాడు మీదే ఉన్నాయి. బాషా బయటికి వచ్చి వరండా పైకప్పు కేసి చూశాడు. కన్నం ఎక్కడుండేదో పెట్టిన అతనికే ఆనవాలు దొరకలేదు.

రమేష్ బాబు మాట తప్పే మనిషి కాదు. ఫోను నొక్కాడు. ముందు ఏదో రంగుల కంపెనీ ప్రకటన వచ్చింది, తర్వాత గంట వచ్చింది, మధ్యలో ఎవరో ఫోను చేస్తే అదీ ఆగిపోయింది. మళ్ళీ పెట్టడానికి అతనికి తీరలేదు. మర్నాటి భోజనాలు పురమాయించాలి కదా.

తెల్లారేసరికి అద్దాల ముందు పెద్ద ఫ్లెక్సీ లేచింది. కమిటీవారి నిలువెత్తు బొమ్మలు, పట్టుచీరలో స్టెల్లా గారి నమస్కారం, అడుగున ఓ మూల రూపాయి బిళ్ళంత వరప్రసాదం, ఆయన కింద 'కన్నీటి నివాళి'. కట్టడానికి తాడు చాలకపోతే వెనక బల్ల మీద ఒకటి దొరికిందట. చేతులు పడి నల్లబడి, నున్నబడ్డ ఆ ముక్క స్టీలు కమ్మీకి చుట్టి ఉంది. సముద్రం వైపు నుంచి గాలి తోసినప్పుడల్లా అది ఒకసారి బిగుసుకుని, మళ్ళీ మెల్లగా వదులవుతోంది.