మళ్లీ కూతకెళ్లిన పిల్ల

పైపు కొసను బొటనవేలితో సగం మూసి, లూదియా కబడ్డీ కోర్టు మీద నీళ్లు చల్లుతోంది. ఫిబ్రవరి నెలే అయినా ఆళ్లగడ్డలో తెల్లవారేసరికి మట్టి పొడిపొడిగా లేస్తుంది. నీళ్లెక్కువైతే పిల్లలు జారిపడతారు, తక్కువైతే మోచేతులు గీరుకుపోతాయి. ఎంత చల్లాలో ఇరవై రెండేళ్లుగా ఆమె చేతికి తెలుసు.

నలభై ఆరేళ్ల మనిషి. పొట్టి, గట్టి ఒళ్లు. ఎండకు కమిలిన మెడ. చీర కుచ్చెళ్లు పైకెత్తి దోపుకుని, కాళ్లకు కాన్వాసు బూట్లు వేసుకుంటుంది. ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచరు. స్కూల్లో సభ జరిగితే కుర్చీలు వేయించేది ఆమే, ఊరేగింపులో వరసలు సర్దేదీ ఆమే. వరసలు కుదిరాక ఆమెను ఎవరూ చూడరు.

కోర్టులో ప్రియదర్శిని అనే తొమ్మిదో తరగతి పిల్ల కూతకు వెళ్లి, వెనక్కి తిరగబోతూ దొరికిపోయింది. లేచి తల దించుకుని నిలబడింది. లూదియా పైపు కింద పెట్టింది.

"ఏం చూస్తివి?"

"ఎడమ పక్కోళ్లను చూస్తాంటి టీచర్. కుడి పక్క నుంచి వచ్చి పట్టేసినారు."

"ఇంకోసారి పోతే?"

పిల్ల తలెత్తి కోర్టు కుడి పక్కకు చూసింది. "ముందు కుడి పక్క చూస్తా."

"అయితే పో."

పిల్ల మళ్లీ కూత పెట్టింది. ఈసారి ఇద్దరిని తాకి వచ్చింది. లూదియా చప్పట్లు కొట్టలేదు. తల ఊపింది, అంతే.

అది రెండు వేల ఆరో సంవత్సరం. ఆరోజు ఆమెకు ముఖ్యమైన రోజు. దూరవిద్యలో చదువుతున్న సైకాలజీ ఎమ్మెస్సీకి నంద్యాలలో వైవా. రెండో ఏడాదిలో కోచింగ్ సైకాలజీ అనే పేపరు ఉందని చూసే ఆమె ఈ చదువులో చేరింది. ఆ పేరు చెప్తే భర్త నతానియేలుతో సహా అందరూ ఒకటే అడిగేవాళ్లు, బ్యాంకు పరీక్షల కోచింగా అని. నంద్యాలలో కోచింగ్ అంటే అదే మరి. ఆరోజు బస్సులో కండక్టరూ అడిగాడు.

"ఏంది టీచర్, ఈ వయసులో బ్యాంకు ఉద్యోగమా?"

"కాదప్పా. ఆట నేర్పేవాళ్ల మాటలు ఆడేవాళ్ల మనసును ఏం చేస్తాయనేది చదువుతాండా."

"దానికి గుడక చదువుందా?" అని ఆయన టిక్కెట్టు చింపి ఇచ్చాడు.

ఒళ్లో నీలం అట్ట వేసిన ప్రాజెక్టు రిపోర్టు ఉంది. చుట్టుపక్కల బడుల జట్ల నుంచి నలభై మంది పిల్లలు, ఒక సీజను. తప్పు చేసి వచ్చిన పిల్లను తిడితే ఏమవుతుంది, ఏమైందని అడిగితే ఏమవుతుంది అన్నది అందులో విషయం. తిట్లు తిన్న పిల్లలు తమంతట తాము మళ్లీ కూతకు వెళ్లడం తగ్గించారు. అడిగించుకున్న పిల్లలు వెళ్లారు. డెబ్బై పేజీలు దానికే పట్టాయి.

దూరవిద్య కేంద్రంలో వైవా కోసం బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు పెద్దాయన. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి పేజీలు తిప్పాడు. పట్టికల గురించి నాలుగు ప్రశ్నలు వేశాడు. రిపోర్టు ఇంగ్లీషులో ఉన్నా, తెలుగులో జవాబు చెప్తానని ఆమె ముందే అడిగి ఒప్పించుకుంది. నాలుగింటికీ చెప్పింది. అప్పుడాయన రిపోర్టు మూసేశాడు.

"ఇదంతా బాగుందమ్మా. కానీ ఈ ప్రశ్నే ఎందుకు పుట్టింది మీకు? మొదటి అధ్యాయంలో అది లేదు."

లూదియాకు ఆ సంగతి తెలుసు. లేదు. కావాలనే రాయలేదు.

"ఒక పిల్ల వల్ల సార్," అంది.

పదేళ్ల కిందట కోయిలకుంట్లలో జోనల్ పోటీలు. సెమీఫైనల్లో ఆఖరి నిమిషం, ఒక్క పాయింటు కావాలి. కూతకు వెళ్లిన పిల్లది రుద్రవరం అవతల అడవి అంచున ఉన్న చెంచుగూడెం. పదిహేనేళ్లది. గీతకు జానెడు దూరంలో ఊపిరి తెగింది, జట్టు ఓడింది. అందరి ముందూ లూదియా అరిచింది. అడవిలో తిరిగేదానికి ఆటేం తెలుస్తుందని, దాన్ని దింపడమే తన తప్పని అరిచింది.

"తిరిగొచ్చే బస్సులో తెలిసింది సార్, ఆ మాట యాడ నేర్చుకుంటినో. మా నాయన బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టేవాడు. నాకు పదిహేడేళ్లప్పుడు జిల్లా సెలక్షన్‌లో నేనొక తప్పు చేస్తే, మా కోచ్ అన్న మాట అది. బండలు మోసేవాళ్ల పిల్లకు ఆటలెందుకనె. రెండేండ్లు గ్రౌండు మొగం చూడలేదు నేను. అదే మాటలో బండలు తీసేసి అడివిని పెడితి."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ప్రొఫెసరు ఇంకా చెప్పమన్నట్టు తల ఊపాడు.

మర్నాటి నుంచి పిల్ల బడికి రాలేదు. లూదియా గూడెం వెళ్లింది. మొదటి ఆదివారం పిల్ల గుడిసెలోంచి బయటికే రాలేదు. రెండో ఆదివారం వచ్చింది. లూదియా వెదురు తడిక పక్కన నిలబడి, తప్పయింది క్షమించమంది. పిల్ల సూటిగా చూసింది.

"అంతగా తిడితివే, ఊపిరి యాల తెగిందో అడిగితివా? పొద్దన్నుంచి ఏమీ తిన్లేదు నేను. మా జట్టులో సగం మందిమి తిన్లేదు."

లూదియా అడగలేదు. అప్పటికి పన్నెండేళ్ల ఉద్యోగంలో ఏ పిల్లనూ అడగలేదు.

"ఆ తర్వాత ఏమైంది?" అన్నాడు ప్రొఫెసరు.

"బడికి వచ్చింది సార్. గ్రౌండులోకి మాత్రం రాలేదు. సంవత్సరం పొడుగునా గోడ పక్కన కూర్చుని మమ్మల్ని చూసేది. నేను పిలవలేదు. పిల్లలకు తిండి పెట్టి ఆడించడం మొదలుపెడితి, అడగడం నేర్చుకుంటి. అడిగినప్పుడు వాళ్లు చెప్పింది రాసి పెట్టుకుంటి. ఒకరోజు జట్టులో ఒకరు తక్కువైతే, చెప్పులిడిచి తనే వచ్చి నిలబడె."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది ఎందుకు రాయలేదు?"

"సిగ్గయింది సార్."

"రాయండి. రెండు పేజీలు. అది లేకపోతే ఈ డెబ్బై పేజీలకు మొదలు లేదు." కలం తీసి మార్కుల షీటు మీద సంతకం పెట్టాడు. "ఫస్ట్ క్లాస్. నేనూ ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పానమ్మా. నేను అడగని పిల్లలు ఎంతమందో ఇప్పుడు గుర్తొస్తున్నారు."

బయటికొచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. లూదియా బస్టాండుకు పరుగులాంటి నడకతో పోయింది. శ్రీశైలం వెళ్లే బస్సు దగ్గర ఈశ్వరి నిలబడి ఉంది. గూడెం పిల్ల ఈశ్వరే. ఇరవై అయిదేళ్లు, పొడగరి, భుజానికి పెద్ద సంచి. డిగ్రీ అయ్యాక వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, రెండేళ్లుగా లూదియా ఇంట్లోనే ఉంటూ పిల్లలను ఆడించింది. నిన్ననే ఆర్డరు వచ్చింది. శ్రీశైలం పక్కనున్న సున్నిపెంటలో, గిరిజన పిల్లల ఆశ్రమ పాఠశాలలో ఆటల టీచరు. రేపే చేరాలి.

"ఏమాయె టీచర్?"

"ఫస్ట్ క్లాస్."

ఈశ్వరి సంచి కింద పడేసి ఆమెను నడుం పట్టుకుని పైకెత్తింది. బస్టాండులో జనం తిరిగి చూశారు. లూదియా నవ్వుతూ, దించవే అని వీపు మీద కొట్టింది. దిగాక ముఖం గంభీరమైంది.

"నీ సంగతి చెప్తి ఈశ్వరీ. నేనన్న మాట చెప్తి. రాసి ఇమ్మన్నాడు సారు. నీ పేరు చెప్పలేదు. పేరు లేకుండా రాస్తాలే."

ఈశ్వరి కింద పడేసిన సంచి ఎత్తి భుజాన వేసుకుంది. డ్రైవరు ఎక్కి తన పక్క తలుపు వేసుకున్నాడు.

"పేరు పెట్టే రాయి టీచర్."

"నిజంగానా?"

"మా గూడెం పేరు గుడక రాయి. నువ్వన్న మాట రాయి, నేనడిగింది రాయి. నేను మళ్లీ కూతకొచ్చింది రాయి. అది మాత్రం మర్సిపోవద్దు."

"మర్సిపోను."

"ఆడ పిల్లలను నేను ఫస్టు ఏమడగల్ల?"

"తిన్నారా అని అడుగు."

ఈశ్వరి పెద్దగా నవ్వింది. ఎక్కి, కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టింది. బస్సు వెళ్లేదాకా లూదియా ఆ చెయ్యి పట్టుకునే నడిచింది, తర్వాత వదిలింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి నతానియేలు వాకిట్లో ఉన్నాడు. భార్య ముఖం చూసి అడక్కుండానే గ్రహించి, లోపలికి వెళ్లి కాఫీ పెట్టాడు. లూదియా బూట్లు విప్పి, బల్ల దగ్గర కూర్చుని తెల్లకాగితం తీసింది. పైన ఈశ్వరి అని రాసింది. దాని కింద గూడెం పేరు రాసింది. తర్వాత తను అరిచిన మాట, ఒక్క అక్షరం తగ్గించకుండా రాసింది.

రెండు పేజీలూ నిండాక లేచి పెరట్లోకి వచ్చింది. పొద్దు వాలుతోంది. పొద్దున్నే ఉతికి మరిచిపోయి వెళ్లినట్టుంది, నీడలో ఉన్న తీగ మీద ఈశ్వరి మోకాలి పట్టీ ఒకటి, మోకాలి ఆకారంలోనే వంగి, ఇంకా కొంచెం తడిగా వేలాడుతోంది.